ఆ సినిమా అప్పుడు ఎవరికి నచ్చింది? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఎడ్గార్ రైట్ దర్శకత్వంలో 2010లో వచ్చిన ‘స్కాట్ పిల్‌గ్రిమ్ వర్సెస్ ది వరల్డ్’ చిత్రాన్ని ఈ శీర్షికలో ఒకసారి ప్రస్తావించిన తరువాత, దాని గురించే పాఠకులు వరుసగా ఉత్తరాలు రాస్తున్నారు. కొందరికి అది పదే పదే చూసే సినిమా, మరికొందరు సగంలోనే ఆపేసిన సినిమా. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాము. చూడనివారి కోసం కథ రెండు మాటల్లో: టొరంటోలో ఒక చిన్న సంగీత బృందంలో బేస్ గిటార్ వాయించే ఇరవై రెండేళ్ల స్కాట్, రామోనా అనే అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆమెతో కలిసి ఉండాలంటే, గతంలో ఆమెతో ప్రేమలో ఉండి విడిపోయిన ఏడుగురితో ఒక్కొక్కరుగా పోరాడి గెలవాలి. ఆ పోరాటాలు వీడియో గేమ్ పద్ధతిలో సాగుతాయి. ఓడినవారు నాణేలుగా మారి నేల మీద రాలిపోతారు.

ప్రశ్న: ఈ సినిమాను ఇటీవల ఇంట్లో చూశాను. ఇంత ఉత్సాహం కలిగించిన చిత్రం ఈ మధ్య నేను చూడలేదు. విడుదలైనప్పుడు మాత్రం ఇది ఘోరంగా విఫలమైందని చదివి ఆశ్చర్యపోయాను. అప్పటి ప్రేక్షకులకు ఇది నచ్చలేదా?

జవాబు: చూసినవారికి నచ్చింది. ఇబ్బంది అంతా చూడనివారి సంఖ్యతోనే వచ్చింది. 2010 ఆగస్టు 13న అమెరికా, కెనడాలలో విడుదలైన ఈ చిత్రం మొదటి వారాంతంలో సుమారు 1 కోటి 5 లక్షల డాలర్లు మాత్రమే వసూలు చేసి అయిదవ స్థానంలో నిలిచింది. నిర్మాణానికి 8 కోట్ల 50 లక్షల డాలర్ల దాకా ఖర్చు కాగా, పన్ను రాయితీలు పోను నికరంగా 6 కోట్ల డాలర్లు తేలింది. ప్రపంచమంతటా కలిపి ఆ విడుదలలో వచ్చిన వసూళ్లు 5 కోట్ల డాలర్ల దరిదాపుల్లోనే ఆగిపోయాయి. ఈ లెక్క చూస్తే ఎవరైనా విఫలమైందనే అంటారు. అయితే అమెరికాలో సినిమాస్కోర్ అనే సంస్థ కొత్త చిత్రాలు చూసి బయటికి వచ్చే ప్రేక్షకుల అభిప్రాయాన్ని చీటీల మీద తీసుకొని, ‘ఏ’ నుంచి ‘ఎఫ్’ వరకు అక్షరాలలో శ్రేణి ఇస్తుంది. ఆ ప్రేక్షకులు ఈ చిత్రానికి ‘ఏ మైనస్’ ఇచ్చారు. మామూలుగా అంతటి శ్రేణి వచ్చిన చిత్రం గురించి నలుగురూ నలుగురికీ చెప్పి, రెండవ వారం నిలబెడతారు. ఇక్కడ చెప్పేవారే కొద్దిమంది కావడంతో ఆ మాట దూరం పోలేదు.

రానివారు ఎందుకు రాలేదన్నది వేరే ప్రశ్న. అదే రోజున సిల్వెస్టర్ స్టలోన్ పోరాట చిత్రం ఒకటి, జూలియా రాబర్ట్స్ నటించిన చిత్రం ఒకటి విడుదలయ్యాయి. ఆ రెండింటిలో ఏది ఎవరి కోసమో పోస్టరు చూస్తేనే తెలుస్తుంది. స్కాట్ పిల్‌గ్రిమ్ ట్రైలరు చూసినవారికి ఇది ప్రేమకథా, పోరాట చిత్రమా, సంగీత చిత్రమా, హాస్యమా అన్నది అంతుపట్టలేదు. నిజానికి అది ఆ నాలుగూ ఒకేసారి. ఆ విషయాన్ని రెండున్నర నిమిషాలలో చెప్పడం సాధ్యం కాదు. పైగా మూలమైన కామిక్ సూపర్‌మ్యాన్ లాగా ఇంటింటా తెలిసినది కాదు. కెనడా రచయిత బ్రయన్ లీ ఓమాలీ రాసి, బొమ్మలు వేసిన ఆరు నలుపు తెలుపు పుస్తకాలను 2004 నుంచి 2010 వరకు పోర్ట్‌లాండ్‌లోని ఓనీ ప్రెస్ అనే చిన్న ప్రచురణ సంస్థ వెలువరించింది.

విడుదలకు మూడు వారాల ముందు శాన్ డియాగోలో జరిగిన కామిక్-కాన్ అనే కామిక్ అభిమానుల సమావేశంలో ఈ చిత్రానికి బ్రహ్మరథం పట్టారు. చర్చా కార్యక్రమం ముగియగానే అక్కడి అభిమానులను వెంటబెట్టుకొని వెళ్లి, దగ్గరలోని థియేటరులో సినిమా చూపించారు. ఆ హర్షధ్వానాలు నిజమైనవే. కాని ఆ కేకలు వేసినవారు అప్పటికే ఆ ఆరు పుస్తకాలూ చదివినవారు. దేశమంతటా ఉన్న థియేటర్లను నింపడానికి వారి సంఖ్య చాలదు. నా దృష్టిలో ఇది ప్రేక్షకుల తీర్పు కాదు, అంచనాలో జరిగిన పొరపాటు. కొద్దిమంది గాఢంగా ప్రేమించే చిత్రానికి, అందరూ ఒక మోస్తరుగా ఇష్టపడే చిత్రానికి పెట్టేంత ఖర్చు పెట్టారు.

ఆ తరువాత జరిగినదంతా మెల్లగా జరిగింది. డిస్కుల ద్వారా, అర్ధరాత్రి ఆటల ద్వారా, మిత్రుల బలవంతం మీద చూసినవారి సంఖ్య ఏటేటా పెరిగింది. 2020లో పదేళ్ల సందర్భంగా నటీనటులు తమ తమ ఇళ్ల నుంచే ఒక దాతృత్వ సంస్థ కోసం స్క్రిప్టును మొత్తం చదివి వినిపించారు; 2021లో చిత్రాన్ని తిరిగి థియేటర్లలో విడుదల చేశారు. మీరు ఇంట్లో చూసి ఉత్సాహపడడం కూడా ఆ ఆలస్యపు ఆదరణలో భాగమే.

ప్రశ్న: అరగంట గడిచేసరికి నాకు తల తిరిగింది. తెర మీద అక్షరాలు, మెరుపులు, ఎక్కడ ఏ సన్నివేశం ముగిసిందో తెలియని వేగం. వీడియో గేములు ఆడనివారికి ఈ సినిమా అర్థం కాదని మిత్రులు అంటున్నారు. లోపం నాదేనా?

జవాబు: మీలో ఏ లోపమూ లేదు. మీ మిత్రుల మాట కూడా సగమే నిజమని నేను అనుకుంటున్నాను. వీడియో గేముల ప్రస్తావనలు తెలియకపోతే కొన్ని చిన్న సరదాలు తప్పిపోతాయి: మొదట్లో వచ్చే యూనివర్సల్ సంస్థ చిహ్నం పాత గేములలోని చుక్కల బొమ్మలాగా కనిపించడం, గేముల సంస్థ నింటెండో అనుమతితో ‘జెల్డా’ గేములోని సంగీతం వినిపించడం వంటివి. అంతమాత్రాన కథ తెలియకుండా పోదు. మీకు తల తిరగడానికి అసలు కారణం కామిక్ పుస్తకానికీ సినిమాకూ మధ్య ఉన్న ఒక మౌలిక భేదంలో ఉంది.

కామిక్ పుస్తకంలో కాలం పాఠకుడి చేతిలో ఉంటుంది. ఒక గడిలోని బొమ్మ నచ్చితే కన్ను అక్కడే నిలుస్తుంది. మూలన ఉన్న చిన్న అక్షరాలు తరువాత కనిపిస్తే పుట వెనక్కి తిప్పి చదువుకోవచ్చు. ఓమాలీ తన పుటల్ని ఈ భరోసాతోనే నింపాడు. పాత్ర ప్రవేశించగానే పేరు, వయసు, స్వభావం చెప్పే చిన్న పెట్టెలు, ఫోను మోగితే గాలిలో తేలే శబ్దాక్షరాలు, వర్ణనకు అడ్డు తగిలే రచయిత మాటలు, ఇవన్నీ చదువరి తీరికగా ఏరుకోవలసినవి. దర్శకుడు రైట్ వాటిని దాదాపు యథాతథంగా తెర మీదికి తెచ్చాడు. కాని తెర ఆగదు. ఒక పాత్ర ఒక చోట మొదలుపెట్టిన వాక్యం మరొక చోట పూర్తవుతుంది. ఒక్కొక్క ప్రత్యర్థి దుస్తులలోనో, వెనుకనున్న గోడ మీదనో అతని వరుస సంఖ్య దాగి ఉంటుంది. ఛాయాగ్రాహకుడు బిల్ పోప్, కూర్పు చేసిన జొనాథన్ అమోస్, పాల్ మాక్లిస్ కలిసి చేసిన ఈ పని ఎంతో శ్రమతో కూడినది, అద్భుతమైనది. అయినా మొదటిసారి చూసే కంటికి అంతటినీ అందుకోవడం కష్టం. పుట వెనక్కి తిప్పే సౌకర్యం థియేటరులో లేదు, ఇంట్లో ఉంది. థియేటరులో అలసిపోయినవారిలో కొందరు ఇంట్లో రెండవసారి చూసి ఇష్టపడడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

ఇదే ప్రయత్నం అంతకు ముందు మరొక విధంగా జరిగింది. 2003లో ఆంగ్ లీ తీసిన ‘హల్క్’ చిత్రంలో తెరను కామిక్ పుట మాదిరి గడులుగా విడగొట్టారు. తండ్రీ కొడుకుల దుఃఖాన్ని నింపాదిగా చెప్పే ఆ కథకూ, హడావుడి చేసే ఆ గడులకూ పొత్తు కుదరలేదని చాలామంది భావించారు. స్కాట్ పిల్‌గ్రిమ్‌లో కథానాయకుడి ఉద్వేగమూ చిత్రం వేగమూ ఒకటే. ఆ కుర్రవాడు నిలకడగా ఆలోచించలేడు, సినిమా కూడా అతని వెంటే పరుగెడుతుంది. 2018లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ది స్పైడర్-వర్స్’ ఇటువంటి శబ్దాక్షరాలనూ వ్యాఖ్యల పెట్టెలనూ వాడుకొని, సర్వత్రా మెప్పు పొంది, ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకుంది. అది మొత్తం గీసిన ప్రపంచం కనుక గీసిన అక్షరాలు అందులో పరాయిగా తోచవు. నిజమైన మనుషుల ముఖాల పక్కన గీసిన అక్షరాలు కనిపించినప్పుడు కన్ను రెండు ప్రపంచాలను ఒకేసారి నమ్మవలసి వస్తుంది. ఆ నమ్మకం కొందరికి వెంటనే కుదురుతుంది, కొందరికి కుదరదు. కుదరనివారిని తక్కువ చేసి మాట్లాడే అభిమానులతో నేను ఏకీభవించను.

ప్రశ్న: స్కాట్ పదిహేడేళ్ల పాఠశాల విద్యార్థిని నైవ్స్‌తో స్నేహం చేస్తూనే, ఆమెకు చెప్పకుండా రామోనా వెంటపడతాడు. ఇద్దరినీ మోసం చేసినవాడిని నాయకుడిగా చూపి మనచేత చప్పట్లు కొట్టించడం సబబేనా? నాకు ఆ అమ్మాయి మీదే జాలి కలిగింది.

జవాబు: మీ జాలి సరైన చోటే ఉంది, దర్శకుడు కూడా ఆ జాలిని కోరుకున్నాడు. నైవ్స్ పాత్రలో ఎలెన్ వాంగ్ నటన చూడండి. తాను మోసపోయానని తెలిసిన తరువాత ఆ అమ్మాయి ముఖంలో కనిపించే కలత, ఈ గోలంతటి మధ్యనా మనను ఒక్క క్షణం ఆపుతుంది.

ఈ ప్రశ్నకు చిత్రం ఇచ్చే సమాధానం పతాక సన్నివేశంలో ఉంది. చివరి ప్రత్యర్థి గిడియన్ మీదికి వెళ్లినప్పుడు స్కాట్ తన ప్రేమను ప్రకటించి, ‘ప్రేమ శక్తి’ అనే ఖడ్గాన్ని పొందుతాడు. ఆ ఖడ్గంతో పోరాడినా చివరికి ప్రాణం పోగొట్టుకుంటాడు. గేమ్‌లో సంపాదించుకున్న అదనపు ప్రాణంతో తిరిగి వచ్చి, అదే ఘట్టాన్ని మళ్లీ ఎదుర్కొంటాడు. ఈసారి ఆ అమ్మాయిలిద్దరినీ తాను మోసం చేశానని ఒప్పుకుంటాడు. రెండవసారి అతనికి దక్కిన ఖడ్గం పేరు ‘ఆత్మగౌరవ శక్తి’, అది మొదటి దానికంటె బలమైనది. ప్రేమించానని చెప్పుకోవడం కంటె తప్పు ఒప్పుకోవడమే కష్టమని ఆ రెండు ఖడ్గాల ద్వారా చెప్పారు. నాకు చిత్రంలో అన్నింటికంటె నచ్చిన అంశం ఇదే.

అయినా మీ ఫిర్యాదు ఇంతటితో తీరదు. ఒప్పుకోలు చాలా త్వరగా వస్తుంది, క్షమ అంతకంటె త్వరగా దొరుకుతుంది. మూల గ్రంథంలో అలా లేదు. ఆరవ పుస్తకంలో స్కాట్ తన చీకటి ప్రతిబింబాన్ని ఎదుర్కొన్నప్పుడు, ఇన్నేళ్లుగా తాను మరచిపోయినట్లు నటించిన తప్పులన్నీ గుర్తుకు వస్తాయి. తాను తలచుకున్నంత మంచివాడు కాదని అతనికి అర్థమవుతుంది. సినిమాలో ఆ ప్రతిబింబం ఒక చిన్న హాస్య ఘట్టంగా వచ్చి వెళ్లిపోతుంది. ఇద్దరూ స్నేహితుల్లా కబుర్లు చెప్పుకొని విడిపోతారు. థియేటరులో ఆ ఘట్టానికి నవ్వు వస్తుంది కాని, కథలో అది ఒక పెద్ద నష్టం. స్కాట్ మీద కోపంతో బయటికి వచ్చిన ప్రేక్షకులు చాలామంది ఆ నష్టాన్ని పేరు తెలియకుండానే గుర్తించారని నేను భావిస్తున్నాను.

ముగింపు గురించి కూడా చెప్పాలి. మొదట చిత్రీకరించిన ముగింపులో స్కాట్ నైవ్స్‌తోనే ఉండిపోతాడు. ముందస్తుగా చూపించిన ప్రదర్శనలలో ప్రేక్షకులు దాని మీద రెండుగా చీలిపోయారు. ఇంతలో ఓమాలీ చివరి పుస్తకం కూడా రామోనా వైపే ముగియడంతో, ముగింపును తిరిగి చిత్రీకరించారు. పాత ముగింపును తరువాత డిస్కులో చేర్చారు. నైవ్స్ పక్షం వహించేవారు అది చూసి సంతోషిస్తారు. నాకు మాత్రం ఆ ముగింపులో ఆ అమ్మాయికి న్యాయం జరిగినట్లు అనిపించదు. తనను మోసం చేసినవాడే ఆమెకు బహుమతిగా దక్కుతాడు. తుది చిత్రంలో ఆమె స్కాట్‌ను రామోనా వెంట వెళ్లమని తానే చెబుతుంది. ఆ మాటలో ఆమె ఆ కథలో అందరికంటె పెద్దదవుతుంది.

ప్రశ్న: ముందు పుస్తకం చదవాలా, సినిమా చూడాలా?

జవాబు: సినిమాయే ముందు చూడండి. పుస్తకాలు ముందు చదివితే, 112 నిమిషాల చిత్రంలో ఏవి లేవో వెతకడంతోనే సమయం గడిచిపోతుంది.

ప్రశ్న: కామిక్ అభిమానిగా నాకు సినిమా మీద చాలా అసంతృప్తి ఉంది. స్కాట్ బృందంలో డ్రమ్స్ వాయించే కిమ్, అతని పాత ప్రేయసి, గాయని ఎన్వీ వంటి పాత్రలకు చోటే దక్కలేదు. ఆరు పుస్తకాలను ఒకే చిత్రంలో ఎందుకు కుదించారు?

జవాబు: మీ అసంతృప్తి చాలామంది పాఠకులది. పుస్తకాలలో కథ సుమారు ఏడాది కాలంలో సాగుతుంది. ఉద్యోగం వెతుక్కోవడం, ఇల్లు మారడం, పాత స్నేహాలు సడలిపోవడం వంటి మామూలు దినచర్య మధ్యలో ఆ పోరాటాలు వస్తాయి. సినిమాలో అదంతా కొద్ది రోజులుగా కుదించుకుపోయింది. అందువల్ల పోరాటం తరువాత పోరాటం వచ్చి మీద పడుతుంది. చిత్రం రెండవ సగంలో కొంత అలసట కలుగుతుందని విమర్శించినవారి మాటలో న్యాయం ఉంది; కవలలతో జరిగే వాద్యసమరం వచ్చేసరికి నాకు కూడా లెక్క పూర్తి చేయడానికే ఆ ఘట్టం పెట్టారేమో అనిపించింది.

ఏడుగురు ప్రత్యర్థులనూ ఒకే చిత్రంలో పూర్తి చేయక తప్పదన్నది కూడా నిజం. ముగ్గురితో ఆపి మిగతాది తరువాతి భాగంలో చెప్పి ఉంటే, మొదటి వసూళ్లను బట్టి ఆ తరువాతి భాగం వచ్చేదే కాదు. ఇంకొక మాట. సినిమా పనులు సాగుతున్న కాలానికి ఓమాలీ తన కథను ఇంకా ముగించలేదు. ఆరవ పుస్తకం వెలువడింది 2010 జూలై 20న, అంటే చిత్రం విడుదలకు నెల కూడా లేదు. పూర్తి కాని కథను ఆధారం చేసుకొని పూర్తి సినిమా తీయవలసిన పరిస్థితి అది.

ఎన్వీ పాత్ర నిడివి తక్కువే అయినా బ్రీ లార్సన్ దానిని గుర్తుండిపోయేలా చేసింది. క్రిస్ ఇవాన్స్, కీరన్ కల్కిన్, ఆనా కెండ్రిక్, ఆబ్రీ ప్లాజా వంటివారికి అప్పట్లో ఇప్పుడున్నంత పేరు లేదు. వారి పేరు పెరిగిన తరువాత ఈ చిత్రాన్ని వెతుక్కొని చూసిన ప్రేక్షకులు కూడా తక్కువేమీ కాదు.

ప్రశ్న: పాటలు నిజంగా నటులే పాడారా?

జవాబు: స్కాట్ బృందం పాటలను అమెరికా సంగీతకారుడు బెక్ సమకూర్చగా, నటులు వాద్యాలు నేర్చుకున్నారు, పాటలు తామే పాడారు. వారి పాటలు కావాలనే గరుకుగా, ఇంటి గరాజ్‌లో సాధన చేసినట్లు ఉంటాయి. దానికి పక్కనే ఎన్వీ బృందం పాట నునుపుగా, వృత్తి గాయకుల స్థాయిలో వినిపిస్తుంది. అది కెనడాకు చెందిన మెట్రిక్ బృందం పాట. సినిమాలో దానిని పాడింది బ్రీ లార్సన్. 2010లో వెలువడిన ఆల్బమ్‌లో మాత్రం మెట్రిక్ పాడినదే ఉండడం వల్ల అభిమానులు ఏళ్ల తరబడి లార్సన్ పాడినది కావాలని కోరారు. 2021లో అది అధికారికంగా విడుదలైంది. చిత్రాన్ని ఇష్టపడనివారు సైతం పాటలను మెచ్చుకోవడం నేను చాలాసార్లు విన్నాను.

ప్రశ్న: టొరంటోలో ఈ చిత్రానికి ప్రత్యేక అభిమానం ఉందంటారు. కారణం ఏమిటి?

జవాబు: టొరంటోలో ఎన్నో హాలీవుడ్ చిత్రాలు తీస్తారు, కాని తెర మీద ఆ నగరం ఎక్కువగా న్యూయార్క్‌గానో, మరొక అమెరికా నగరంగానో కనిపిస్తుంది. ఈ చిత్రంలో టొరంటో టొరంటోగానే ఉంది. కాసా లోమా భవనం దగ్గర జరిగే పోరాటంలో ఒక సినిమా షూటింగ్ సాగుతుంటుంది. అక్కడ న్యూయార్క్ దృశ్యాన్ని చిత్రించిన తెర చిరిగి, దాని వెనుక టొరంటోకు గుర్తుగా నిలిచే సీఎన్ టవర్ కనిపిస్తుంది. ఆ నగరవాసులకు ఆ ఒక్క దృశ్యం ఎంత తృప్తినిచ్చి ఉంటుందో ఊహించవచ్చు.

ప్రశ్న: 2023లో వచ్చిన యానిమేషన్ ధారావాహిక ఈ సినిమాకు కొనసాగింపా? మొదటి భాగం చూసి అయోమయంలో పడ్డాను.

జవాబు: కొనసాగింపు కాదు. కథను మళ్లీ మొదటి నుంచి చెప్పడమూ కాదు. 2023 నవంబరు 17న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఈ ఎనిమిది భాగాల ధారావాహికను జపాన్‌కు చెందిన సైన్స్ సారు సంస్థ రూపొందించింది. సినిమాలో నటించినవారే తిరిగి వచ్చి తమ పాత్రలకు గొంతు ఇచ్చారు. ముందే చదవడం ఇష్టం లేనివారు ఈ పేరా వదిలేయండి: మొదటి భాగం చివర జరిగే మొదటి పోరాటంలోనే స్కాట్ ఓడిపోయి మాయమవుతాడు. అక్కడి నుంచి కథ రామోనాది. తన పాత ప్రేమలను ఆమే వెతుక్కుంటూ వెళ్లి, ఒక్కొక్కరితో మాట్లాడి, ఎవరిని తాను ఎలా వదిలేసి వచ్చిందో గుర్తుచేసుకుంటుంది. పాత కథనే ఆశించి కూర్చున్న అభిమానులలో కొందరు నిరాశపడ్డారు. నాకు మాత్రం అది సినిమాపై వచ్చిన ఫిర్యాదులన్నింటినీ ఓమాలీ శ్రద్ధగా విని రాసినట్లు అనిపించింది. రామోనాను గెలుచుకోవలసిన బహుమతిగా చూపారన్న విమర్శ 2010 నుంచీ ఉంది. మీరు అయోమయపడిన చోటనే ఆపకండి, రెండవ భాగం కూడా చూడండి.